నిండుకున్న గది

ఇళ్ల ధరలు చెప్పే వెబ్‌సైటులో రెండు పడగ్గదులని పడిన మర్నాడు పొద్దున్నకల్లా సూరిబాబు ఇంట్లో మూడో పడగ్గది లేకుండా పోయింది, అందులో పడుకున్న వాళ్లక్క మంగతాయారుతో సహా.

ఆ సంగతి ముందుగా కనిపెట్టింది సూరిబాబు భార్య అమ్మాజీ. రోజూలాగే ఆడపడుచుకి కాఫీ పట్టుకుని వసారా చివరికి వెళ్లింది. తలుపు ఉండాల్సిన చోట గోడ ఉంది. కొత్తగా లేచిన గోడలా లేదది. మిగతా గోడలకున్న పాత ఆకుపచ్చ సున్నమే దానికీ ఉంది. మధ్యలో ఒక మేకు, మేకు కింద ఏళ్ల తరబడి క్యాలెండరు ఒరుసుకున్న మరక. పెరట్లోకి వెళ్లి చూస్తే ఇల్లు అటువైపు ఒక గది మేర పొట్టిదై ఉంది. నిన్నటిదాకా కిటికీ ఊచలకు తగులుతుండే కరివేపాకు చెట్టు ఇప్పుడు ఖాళీ నేల మధ్య నిలబడి ఉంది.

అమ్మాజీ మళ్లీ వసారాలోకి వచ్చి గోడకు చెవి ఆనించింది. లోపల కుట్టుమిషను తొక్కుతున్న చప్పుడు వినిపించింది. మంగతాయారు కాలనీ ఆడవాళ్ల చీరలకు ఫాల్స్ కుడుతుంది. తెల్లారి లేచీ లేవగానే మిషను ముందు కూర్చోవడం ఆవిడ అలవాటు.

"వదినగారూ, బాగానే ఉన్నారా?"

మిషను ఆగింది. "బాగానే ఉన్నానే అమ్మాజీ. తలుపు కనపడట్లేదు."

"ఇటూ లేదండి."

"సరేలే. ముందీ చీర అవగొట్టేస్తాను. చీర ఇచ్చినావిడ మధ్యాహ్నం వస్తానంది."

"కాఫీ తెచ్చానండి."

"ఆకలీ దాహం ఏమీ లేదే. అదే కాస్త బెంగగా ఉంది."

అమ్మాజీ కాఫీ గ్లాసు గోడవారన పెట్టి మూత వేసింది.

కాకినాడ శివార్లలో ఉన్న ఆ భాస్కర కాలనీలో ఇదేమంత వింత కాదు. ఆ ఊళ్లో సైటు అంటే ఇంటి స్థలం అని అందరికీ తెలుసు. ఫోనులో కనిపించే సైటు వచ్చాక రెంటికీ ఒకటే పేరు అయింది. స్థలం సంగతి సైటు చెప్పడం న్యాయమే కదా అనుకున్నారు జనం. ఎవరి ఇంటి విలువ వాళ్లు చూసుకోవచ్చు. ఒక్క మీట నొక్కితే చాలు. అయితే చూసినవాళ్లింటికి మాత్రం మర్నాటికల్లా సైటులో ఏం రాసి ఉంటే అది వచ్చి తీరుతుంది, రాయనిది పోయి తీరుతుంది. అంచనా తప్పు కావడానికి వీల్లేదు కాబట్టి ఇల్లే తనని తాను దిద్దుకుంటుంది. చూడకుండా ఊరుకుంటే ఏ గొడవా లేదు. కానీ చూడకుండా ఊరుకున్నవాళ్లు కాలనీలో ఎవరూ మిగల్లేదు.

రిటైరైన హెడ్మాస్టరు చయనులుగారి పెంకుటింటికి లిఫ్టు ఉన్నట్టు పడింది. మర్నాడు హాలు నడిమధ్యన లిఫ్టు వెలిసింది. తలుపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, ఎక్కడికీ వెళ్లదు. ఆయన అందులో పాత పేపర్లు పెట్టుకుంటున్నారు. నాలుగిళ్లవతల రెండున్నర బాత్రూములు పడినవాళ్లు ఆ అర బాత్రూములో ఒక కాలే కడుక్కోగలుగుతున్నారు. అటు మేడకీ ఇటు తాటాకు పాకకీ మధ్యనున్న ఇంటికి సైటు సగటు కట్టింది. ఇప్పుడా ఇంటి పైకప్పు సగం స్లాబు, సగం తాటాకు. ఉప్పునీళ్ల కాలనీ మొత్తానికి ఉన్న ఒక్క తియ్యటి నుయ్యి పూడిపోయింది, ఎందుకంటే తియ్యటి నుయ్యి ఉందని రాయడానికి సైటులో గడి లేదు. లెక్చరరుగారొకాయన అద్దెకున్న మేడమీది గదికి 'నిండింది' అని పడింది. గది నిండడమంటే సైటు లెక్కలో ఇద్దరు. తెల్లారేసరికి ఆయన మంచం పక్కన మరో మంచం, మంచం మీద మరో లెక్చరరూ ఉన్నారు. తను ఎలా వచ్చాడో ఆ రెండో ఆయనకూ తెలియదు. ఇద్దరూ అద్దె చెరిసగం ఇస్తున్నారు.

కాలనీ పెద్దవాళ్లు దీన్ని పట్టించుకోకపోవడానికి కారణం ఉంది. దీపాలవేళ పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, ఇంట్లో ఎవరు ఏమంటే దానికి తథాస్తు అంటారని వాళ్లు చిన్నప్పటినుంచీ విన్నదే. అందుకే బియ్యం అయిపోతే అయిపోయాయి అనరు, నిండుకున్నాయి అంటారు. దీపం ఆరిపోతే కొండెక్కింది అంటారు. ఎన్నో తరాలుగా నోరు కట్టుకుని బతికినవాళ్లకు సైటు మరీ కొత్త దేవతగా తోచలేదు. దేవతలు కాస్త వివరంగా రాస్తున్నారంతే.

మిగతా కాలనీ కంటే సూరిబాబు ఈ విషయంలో మరీ జాగ్రత్తమనిషి. మెయిన్‌రోడ్డులో కరెంటు సామాన్ల కొట్టు అతనిది. గల్లాపెట్టె ముందు కూర్చుని 'లేదు' అనకూడదని తల్లి నేర్పింది. ఆ మాట అతని నోట కొట్లో ఎవరూ వినలేదు. తన కొట్లో ఎన్నడూ పెట్టని సరుకు అడిగినా "నిండుకుందండి, రేపొస్తుంది" అంటాడు. మెత్తని మనిషి. ఎవరినీ ఒక్క మాటతో నొప్పించి ఎరగడు. అతనితో బేరం ఎప్పటికీ తెగదని తోటి వ్యాపారులు నవ్వుకుంటారు.

పక్క కొట్టు అమ్మకానికి వచ్చింది, ఇల్లు అమ్మితే అది కొనుక్కోవచ్చని అతనికి ఆశ పుట్టింది. అందుకే ఆ రాత్రి సైటు తెరిచాడు. అక్కడ రెండు గదులే ఉండటానికి కారణం అతనే. ఏనాడో ఇంటి పన్ను వేయడానికి మనిషి వస్తే చివరిగది చూపించి, అది గది కాదండి, సామాన్లు పడేసుకునే పాక అన్నాడు. తండ్రి పోయినప్పుడు వారసులెవరని అడిగితే తన పేరొక్కటే చెప్పాడు. ఆ సంగతి అక్కకి తెలుసు. పేరు ఎవరిదైతేనేం, ఉండేది నువ్వే కదా అన్నాడు తమ్ముడు. మంగతాయారు అవునంది. ఆవిడకి పెళ్లయిన రెండో ఏడే భర్త పోయాడు. అప్పటినుంచీ ఆ చివరిగదిలోనే ఉంటోంది, ఆ పాకలో, సామాన్లతో పాటు.

అమ్మాజీకి ఈ ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకోకూడదంటే అది వదినగారినే. ఆవిడ కాఫీపొడి చెంచాలు లెక్కపెట్టే మనిషి, సాధింపులూ ఉన్నాయి. కానీ అమ్మాజీకి కడుపు పోయినప్పుడు నెల్లాళ్లు ఆమె కాళ్ల దగ్గర చాప వేసుకు పడుకున్నది ఆవిడే. తర్వాత పిల్లలు కలగకపోతే ఆ మాట ఇంటికొచ్చినవాళ్లెవరి నోటా రాకుండా కాపు కాసిందీ ఆవిడే. గోడ లేచిన ఆ పొద్దున అమ్మాజీకి వంట చేయబుద్ధి కాలేదు. సూరిబాబుని లేవదీసి, పదండి ఆఫీసుకి, అంది.

సైటువాళ్ల సవరణల ఆఫీసు ఒక కాజాల దుకాణం మీద ఉంది. మెట్లమీద కూడా నేతివాసన. హారిక అనే చురుకైన పిల్ల కూర్చుని ఉంది. ఆ పిల్ల వాళ్లు చెప్పిందంతా ఆశ్చర్యపోకుండా వింది.

"గది కలపాలంటే లోపలి ఫొటో ఒకటి కావాలండి."

"గదే లేదు కదమ్మా, ఫొటో ఎలా తీస్తాం?" అంది అమ్మాజీ.

"లోపలున్నవాళ్లు తీసి పంపొచ్చండి."

"మా వదినగారికి ఫోను లేదు."

"అయితే ఇంటి యజమాని నోటిమాట సరిపోతుందండి. ఇంతకీ ఆవిడ ఈ ఇంట్లో ఏమవుతారు? యజమానా, అద్దెకున్నారా, చుట్టపుచూపుగా వచ్చారా? మూడింట్లో ఒకటి పెట్టాలి."

అమ్మాజీ భర్త వైపు చూసింది. అతను కిటికీలోంచి కిందనున్న కాజాల పళ్లేల వైపు చూస్తున్నాడు.

హారిక వివరంగా చెప్పింది. అద్దెకున్నారంటే అద్దె కట్టిన రుజువు ఉండాలి. చుట్టమంటే పక్షం దాటితే గది మళ్లీ పోతుంది. సొంత అక్కగారు, తండ్రి కట్టిన ఇల్లు అంటే మాత్రం యజమాని కిందే పడుతుంది. అప్పుడు వాటా చూపించాలి. వాటా చూపిస్తే అంచనా తగ్గుతుంది.

"ఎంత తగ్గుతుందండి?" అన్నాడు సూరిబాబు. ఆఫీసులో అతను నోరు విప్పడం అదే మొదలు.

"సగానికి సగమండి. ఇప్పుడైతే నిన్నటికంటే బాగా పెరిగింది, చూడండి. పెరడు పెద్దదయింది. వాటాదార్లు లేరు. సైటుకి మీ ఇల్లంటే చాలా ఇష్టంగా ఉంది."

సూరిబాబు చూశాడు. కొట్టు కొనగా ఇంకా మిగిలేటంత ఉంది. ఆ అంకె చూశాక అతని మొహం ఎలా మారిందో అమ్మాజీ చూసింది. సిగ్గుపడ్డట్టు మారింది. సిగ్గుపడే మనిషి తప్పు చేయడులే అనుకుని ఆమె కొంత ధైర్యం తెచ్చుకుంది. అక్కడే పొరబడింది.

"దీపాలవేళ మీకు ఫోను వస్తుందండి. మిషను మాట్లాడుతుంది, తెలుగులోనే. గది ఉందా లేదా అని అడుగుతుంది. యజమాని గొంతే ఉండాలి. ఒకసారి నమోదయ్యాక ఇల్లు అమ్ముడయ్యేదాకా మళ్లీ సవరణ ఉండదండి," అంది హారిక. కాజాలు తిని వెళ్లమని కూడా అంది.

ఇంటికి వచ్చేసరికి చీర కోసం వచ్చినావిడ అరుగుమీద కూర్చుని ఉంది. చీర గోడలో ఉందండి అని అమ్మాజీ చెప్పింది. తొందరేం లేదు, పెళ్లి పై నెల కదా అని ఆవిడ వెళ్లిపోయింది.

మధ్యాహ్నమంతా అమ్మాజీ గోడ దగ్గరే కూర్చుంది. మంగతాయారు లోపలినుంచి మాట్లాడుతూనే ఉంది. గది కాస్త ఇరుకవుతున్నట్టుందని, కిటికీలోంచి కరివేపాకు చెట్టు కాకుండా తెల్లటి వెలుతురేదో కనపడుతోందని, అందులో ఏమీ కదలడం లేదని చెప్పింది. గొంతులో భయం లేదు. అలవాటుపడుతున్న గొంతు అది. అమ్మాజీకి ఒళ్లు జలదరించింది అందుకే.

"మీ తమ్ముడు చెప్తారండి. ఉందని చెప్తే చాలట."

"వాణ్ణి ఇబ్బంది పెట్టకే. వాడికి కొట్టుంది."

సాయంత్రం సూరిబాబు కాళ్లు కడుక్కుని వచ్చి దీపం ముందు నిలబడ్డాడు. అమ్మాజీ అతనికి అడ్డంగా వెళ్లి నిలబడింది. పెళ్లయినప్పటినుంచీ ఆమె అతన్ని పెద్దగా ఏమీ అడగలేదు.

"ఏవండీ, ఒక్క మాట. ఉంది అనండి చాలు. కొట్టు ఈ ఏడు కాకపోతే పై ఏడు వస్తుంది. ఆవిడకి మనం తప్ప ఎవరున్నారండీ?"

"ఆ మాత్రం నాకు తెలీదేంటే? నా అక్క కాదూ?" అన్నాడు సూరిబాబు. కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు. అవి నిజమైన కన్నీళ్లేనని అమ్మాజీ ఆ తర్వాత కూడా నమ్మింది.

ఫోను మోగింది. ఆడగొంతు. ఒక్కో అక్షరాన్నీ విడివిడిగా ఇస్త్రీ చేసినట్టుంది ఆ తెలుగు.

"మూడవ పడక గది గురించి యజమాని సమాధానం చెప్పాలి. గది ఉందా? లేదా?"

గోడ అవతల కుట్టుమిషను ఆగింది. మంగతాయారు వింటోందని ఇద్దరికీ తెలిసింది. ఉంది అంటే అక్క వస్తుంది, అక్కతో పాటు వాటా వస్తుంది, కొట్టు పోతుంది. లేదు అంటే వెలుగుతున్న దీపం ముందు, బతికున్న మనిషి వింటుండగా ఆ మాట అనాలి. సూరిబాబు దీపం వైపు చూశాడు, గోడ వైపు చూశాడు, భార్య వైపు మాత్రం చూడలేదు. నోరు తనకు అలవాటైన దారిన పోయింది.

"నిండుకుందండి," అన్నాడు.

ఫోను కాసేపు ఆలోచించింది.

"నిండింది. నమోదయింది. నిండిన గదులు కొనుగోలుదారులకు చూపబడవు. ధన్యవాదాలు."

"అదేం మాటండీ?" అంది అమ్మాజీ.

"లేదనలేదు కదే."

"ఉందనీ అనలేదు."

సూరిబాబు భోజనానికి కూర్చున్నాడు. అమ్మాజీ వడ్డించి, తను తినకుండా వెళ్లి గోడవారన చాప వేసుకుంది. కోపంతో, అంతకుమించి అవమానంతో ఏడ్చింది. భర్త చెడ్డవాడయ్యుంటే బాగుండేది, కనీసం తిట్టుకోవచ్చు. గోడ అవతల మిషను మళ్లీ మొదలైంది, ఎవరో జోకొడుతున్నట్టు. ఆ చప్పుడు వింటూనే నిద్రపోయింది.

మెలకువ వచ్చేసరికి ఆమె చాపమీద లేదు. మంచం మీద ఉంది. పక్కన మరో మంచం, దానవతల మిషను, మిషను ముందు మంగతాయారు. నాలుగువైపులా అదే ఆకుపచ్చ సున్నం. తలుపు లేదు. కిటికీలో తెల్లటి వెలుతురు, దాంట్లో ఏమీ కదలడం లేదు.

"లేచావా," అంది మంగతాయారు వెనక్కి తిరక్కుండానే. "నిండడమంటే ఇద్దరట కదా. మేడమీద లెక్చరర్ల సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. వాడు ఆ మాట అన్న రాత్రే, నువ్వు నిద్రపోయాక నీ మంచం ఇక్కడికొచ్చింది."

"నన్ను పిలవలేకపోయారా వదినగారూ?"

"పిలిచానే. నువ్వు నిద్రలో ఉన్నావు." ఆవిడ దారం కొరికి, "కాఫీపొడి ఇక్కడ నిండుకుంది. నీకేమైనా తాగాలనిపిస్తోందా?" అంది.

అమ్మాజీ తనలోకి తాను చూసుకుంది. ఆకలి లేదు, దాహం లేదు. గుండె మాత్రం కొట్టుకుంటోంది. అవతలినుంచి భర్త పిలుపు వినిపించింది.

"అమ్మాజీ, కాఫీ."

"ఇక్కడున్నానండి," అంది.

"ఎక్కడా?"

"వదినగారి దగ్గర."

అతను గోడని అరచేత్తో రెండుసార్లు తట్టాడు, కొట్లో ఫ్యాను తిరగనప్పుడు తట్టినట్టు. "ఉండు, సైటులో చూస్తాను," అన్నాడు. చూశాడు. ఇంటి విలువ మళ్లీ పెరిగింది. ఒక్కడే మనిషి, రెండు గదులు, పెద్ద పెరడు, ఏ పేచీ లేని ఇల్లు. అతను ఆఫీసుకి పరిగెత్తాడు, హారికని బతిమాలాడు, కాజాల దుకాణం మెట్లమీద కూర్చుని ఏడ్చాడు. అమ్ముడయ్యేదాకా సవరణ లేదండి అని ఆ పిల్ల మంచినీళ్లు ఇచ్చి పంపింది. అమ్ముడయ్యాక సవరణ అడగాల్సింది కొత్త యజమాని అని కూడా చెప్పింది. ఇవన్నీ అతను గోడకి చెప్పుకున్నాడు. నాలుగు రోజులు పొద్దునా సాయంత్రం చెప్పుకున్నాడు. తర్వాత పొద్దున మాత్రమే. తర్వాత కొట్టుకి వెళ్లే తొందరలో, వెళ్లొస్తానే, అని మాత్రం అనేవాడు.

అమ్మాజీ మొదట గోడ గీకింది. గోళ్లకి సున్నం అంటింది, గోడకి ఏమీ కాలేదు. అరిచింది. వీధిలో నడిచేవాళ్ల మాటలు ఇటు వినపడుతున్నాయి, ఇటు మాట ఇంట్లోవాళ్లకి తప్ప పోవడం లేదు. చేతులు ఊరికే ఉండలేక వదినగారి దగ్గర పని అందుకుంది. విప్పడానికి, కుట్టడానికి ఉన్నది ఒకే చీర. ఆవిడ కుట్టిన ఫాల్ అమ్మాజీ కుట్లు విప్పి ఇస్తుంది, ఆవిడ మళ్లీ కుడుతుంది.

ఒక ఆదివారం ఇల్లు చూడటానికి సామర్లకోట నుంచి భార్యాభర్తలు వచ్చారు. అమ్మాజీ లేచి వెళ్లి గోడకి ఆనుకుంది. ఆయన గదులన్నీ అడుగులేసి కొలిచాడు, పెరడు మెచ్చుకున్నాడు. ఆవిడ మాత్రం వసారా చివరకు వచ్చి ఆగింది. ఆవిడకీ అమ్మాజీకీ మధ్య మూరెడు గోడ.

"ఇక్కడేదో మిషను చప్పుడవుతోందండి," అంది.

"పాత ఇల్లు కదండీ," అన్నాడు సూరిబాబు.

అమ్మాజీ రెండు చేతులతో గోడని బాదింది. వదినగారూ మీరూ అరవండి అంది. ఇద్దరూ కలిసి అరిచారు. పరాయిమనిషి చెవికి ఆ అరుపులేవీ అందలేదు. కాసేపయ్యాక అవతల ఆవిడ మళ్లీ అడిగింది.

"ఇంట్లో ఆడవాళ్లెవరూ కనపడట్లేదేంటండి?"

సూరిబాబు ఊపిరి పీల్చుకోవడం అమ్మాజీకి వినిపించింది. ఇప్పుడు చెప్తాడు అనుకుంది. అతను చెప్పాడు కూడా. అబద్ధమేమీ ఆడలేదు.

"ఉన్నారండి. లోపలున్నారు."

"ఓహో," అంది ఆవిడ. ఇంకేమీ అడగలేదు. వెళ్లి కుర్చీలో కూర్చుని, సూరిబాబు ఇచ్చిన మంచినీళ్లు తాగింది.

అమ్మాజీ గోడమీద చేతులు దించేసింది. తను కూడా ఎన్నో ఇళ్లకి వెళ్లింది. ఆడవాళ్లేరీ అంటే, లోపలున్నారండి, అన్నారు ఆ ఇంటి మగవాళ్లు. తనూ ఓహో అనే కూర్చుంది. ఆ ఇళ్లలో ఏ గదికి తలుపుందో, ఏ గదికి లేదో ఒక్కసారైనా లేచి చూడలేదు.

వీధి తలుపు చేరవేసిన చప్పుడైంది. బేరం కుదిరినట్టే ఉంది, మెట్లమీద నవ్వులు వినిపించాయి.

"ఈ సూదిలో దారం ఎక్కించివ్వవే," అంది మంగతాయారు. "నా కళ్లకి ఆనట్లేదు."

అమ్మాజీ దారం కొస తడిచేసి, కిటికీ వెలుతురుకి పెట్టి ఎక్కించింది.